పాఠం 14: ధ్వని ముద్రణ – ప్లేటు నుంచి ఫోను దాకా

14.0 ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు గొంతును వస్తువు మీద ఎలా ముద్రిస్తారో మీ మాటల్లో చెప్పగలుగుతారు. నాటక పద్యం మూడు నిమిషాల ప్లేటులో ఎందుకు ఒదిగిందో, ఒగ్గుకథ ఎందుకు ఒదగలేదో వివరించగలుగుతారు. పాట మీద వచ్చే డబ్బు ఎవరికి చేరాలో చట్టం ఏం చెబుతుందో తెలుసుకుంటారు. ఈ పాఠానికి రెండు గంటలు కేటాయించుకోండి. ఒకే దఫా చదవనక్కరలేదు.

14.1 రాగిరేకుల మీద లేనిది

తాళ్ళపాక అన్నమాచార్యులు (1408–1503) తిరుమల వేంకటేశ్వరుని మీద వేల కీర్తనలు పాడారు. వాటిని రాగిరేకుల మీద చెక్కించి కొండ మీద ఒక అరలో భద్రపరిచారు. ఇరవయ్యవ శతాబ్దంలో ఆ రేకులు వెలుగులోకి వచ్చాయి. పన్నెండు వేలకు పైగా కీర్తనలు మనకు దక్కాయి. ప్రతి కీర్తనకూ రాగం పేరు కూడా చెక్కి ఉంది.

అయినా ఆయన ఆ కీర్తనను ఎలా పాడారో మనకు తెలియదు. రాగం పేరు తెలిసినంత మాత్రాన వరస తెలియదు. ఇంటి పేరు తెలిస్తే మనిషి ముఖం తెలుస్తుందా? ఇదీ అంతే. అందుకే రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ వంటి విద్వాంసులు వాటికి కొత్తగా స్వరాలు కూర్చవలసి వచ్చింది. ఈనాడు మనం వినే అన్నమయ్య పాటల్లో మాట ఆయనది, వరస చాలావరకు మన కాలం వారిది.

రాత మాటను దాచగలదు, గొంతును దాచలేదు. గొంతును దాచే ఉపాయం 1877 దాకా మనిషికి దొరకలేదు.

14.2 గొంతు గీతగా మారడం

మీ గొంతు మీద రెండు వేళ్ళు ఆనించి "అమ్మా" అనండి. వేళ్ళకు వణుకు తెలుస్తుంది. ఆ వణుకే గాలిలో అలలుగా సాగి ఎదుటివారి చెవిలోని పొరను వణికిస్తుంది. అమెరికాలో థామస్ ఎడిసన్ చేసిన పని ఏమిటంటే, చెవిలోని పొరలాంటి ఒక పలుచని రేకును పెట్టి, దానికి ఒక ముల్లు బిగించాడు. ముల్లు కింద తగరపు పొర చుట్టిన స్తంభాన్ని తిప్పుతూ మాట్లాడాడు. రేకు వణికినప్పుడల్లా ముల్లు తగరం మీద నొక్కులు వేసింది. మళ్ళీ మొదటికి తెచ్చి తిప్పితే నొక్కుల వెంట ముల్లు వణికి, రేకు వణికి, మాట తిరిగి వినబడింది. ఇదే ఫోనోగ్రాఫు. 1877 డిసెంబరులో ఆయన దానిని పదిమందికీ చూపించాడు.

తగరం కొద్దిసార్లకే అరిగిపోయేది. నకళ్ళు తీయడమూ కుదరలేదు. 1887లో ఎమిలీ బెర్లినర్ స్తంభానికి బదులు చదునైన పళ్ళెం వాడాడు. అందులో గాడి చుట్టలు చుట్టుకుంటూ లోపలికి పోతుంది. పళ్ళెంలోని మేలు ఏమిటంటే, దాని నుంచి లోహపు అచ్చు తీయవచ్చు. ఒక అచ్చుతో ఇటుకలు దించినట్లు వందల పళ్ళేలు దించవచ్చు. పాట సరుకుగా మారింది ఇక్కడే. ఈ పరికరమే గ్రామఫోను. దాని పళ్ళేన్ని మన పెద్దలు "ప్లేటు" అన్నారు.

ఆ ప్లేటు దేనితో చేసేవారు? ముఖ్యంగా లక్కతో. మోదుగ, కుసుమ, రేగు చెట్ల కొమ్మల మీద పెరిగే చిన్న పురుగులు ఇచ్చే లక్క అది. నేటి జార్ఖండ్ ప్రాంతపు అడవుల నుంచి అది ప్రపంచమంతటికీ ఎగుమతి అయ్యేది. లండన్‌లో మోగిన ప్లేటులోనూ మన అడవి లక్క ఉండేదన్నమాట. చరిత్ర పుస్తకాలు ఎడిసన్‌ను చెప్పినంత గట్టిగా ఆ లక్క ఏరినవారిని చెప్పవు.

ఇక ముల్లు సంగతి. సూరత్‌లో వరాఛా రోడ్డు వజ్రాల సానకు పేరుపడ్డ చోటు. అక్కడి ఘంటీ మీద కూర్చునేవారికి ఒక విషయం ఎవరూ చెప్పనక్కరలేదు: వజ్రాన్ని అరగదీయాలంటే వజ్రపు పొడే కావాలి. పాత ప్లేటు గరుకుగా ఉండేది, ఉక్కు ముల్లు త్వరగా అరిగేది. ఒక్కొక్క పక్క వాయించాక ముల్లు మార్చమనేవారు. 1948లో అమెరికాలో ఎల్‌పీ వచ్చింది. అది ప్లాస్టిక్ జాతి పదార్థంతో చేసినది, గాడి సన్నం. దానికి నీలం రాయి ముల్లు, తరువాత వజ్రపు ముల్లు వాడారు. వజ్రపు మొన వందల గంటలు నిలుస్తుంది. వరాఛాలో సానపట్టే రాళ్ళు నగలకు పోతాయి. కాని ఆ రాయి గట్టితనమే ఒక కాలంలో పాటనూ మోసింది.

పాఠ్యాంతర్గత ప్రశ్నలు – 1

(అ) రాగిరేకుల మీద రాగం పేరు ఉన్నా వరస ఎందుకు తెలియలేదు?
(ఆ) స్తంభం కంటే పళ్ళెం వ్యాపారానికి ఎందుకు అనువైంది?

14.3 ప్లేటు మన దేశానికి రావడం

1902లో గ్రామఫోను కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ అనే నిపుణుడు కలకత్తా వచ్చాడు. ఆ నవంబరులో గౌహర్ జాన్ అనే గాయని పాటలు ముద్రించాడు. పాట చివర ఆమె తన పేరు ఇంగ్లీషులో గట్టిగా చెప్పేది. ఇది గొప్ప కోసం కాదు. అచ్చు వేసేది జర్మనీలోని హానోవర్‌లో. అక్కడివారికి ఏ ప్లేటు ఎవరిదో తెలియాలి కదా! 1908లో కలకత్తాలోనే కర్మాగారం వచ్చింది. తరువాత దానిని డమ్‌డమ్‌కు మార్చారు. బాకా ముందు కూర్చున్న కుక్క బొమ్మ గల హెచ్.ఎం.వి. ప్లేట్లు ఊరూరా చేరాయి. మద్రాసులో ఎ.వి. మెయ్యప్పన్ సరస్వతి స్టోర్స్ పెట్టి ఓడియన్ ప్లేట్లు అమ్మారు. ఆయనే తరువాత ఎ.వి.ఎం. స్టూడియో అధిపతి అయ్యారు. ప్లేట్ల దుకాణం నుంచి సినిమాకు దూరం అంత తక్కువ.

14.4 మూడు నిమిషాల కొలత

నిమిషానికి 78 చుట్లు తిరిగే పది అంగుళాల ప్లేటు ఒక పక్క సుమారు మూడు నిమిషాలే పాడుతుంది. 1925కు ముందు మైకు కూడా లేదు. పాడేవారు పెద్ద గరాటా ముందు నిలబడి గొంతెత్తి పాడాలి. వీణ వంటి మెత్తని నాదం అందులో సరిగా పడేది కాదు.

ఈ రెండు షరతులకూ సరిగ్గా సరిపోయిన కళ తెలుగునాట సిద్ధంగా ఉంది. అదే పద్యనాటకం. రంగస్థల నటుడు మైకు లేకుండా చివరి వరుస దాకా వినబడేలా పాడడం నేర్చినవాడు. ఒక పద్యం, దానికి రాగాలాపన కలిపితే మూడు నిమిషాలు. అందుకే కపిలవాయి రామనాథశాస్త్రి పద్యాలు, సత్యభామ వేషంలో పేరు పొందిన స్థానం నరసింహారావు పాటలు ప్లేట్ల మీద విస్తరించాయి. నాటకం చూడని ఊళ్ళలో కూడా జనం ఆ పద్యాలు పాడారు. తరువాత సాలూరి రాజేశ్వరరావు, రావు బాలసరస్వతీదేవి పాడిన లలిత గీతాలు, కరుణశ్రీ రచన "పుష్పవిలాపం" ఘంటసాల గొంతులో ప్లేట్లుగా ఇల్లిల్లూ చేరాయి. ఇవి సినిమా పాటలు కావని గుర్తుంచుకోండి. మన తెలుగులో సినిమాతో సంబంధం లేని పాటకు కూడా ఒకప్పుడు మంచి గిరాకీ ఉండేది. ఆ గిరాకీ తగ్గిపోవడం నష్టమనే ఈ పాఠ రచయిత అభిప్రాయం.

1931లో తొలి భారతీయ టాకీ "ఆలం ఆరా", 1932లో తొలి తెలుగు టాకీ "భక్త ప్రహ్లాద" వచ్చాక ప్లేటు వ్యాపారం క్రమంగా సినిమా చుట్టూ తిరగసాగింది.

మరి ప్లేటులో పట్టనివారి మాట? ఒగ్గుకథ రాత్రంతా సాగుతుంది. డోలు, తాళాలు, కథకుడు, వంతపాటగాళ్ళు, మధ్యలో నవ్వులాట – వీటిని మూడు నిమిషాలకు కుదిస్తే ఒగ్గుకథ మిగలదు. బతుకమ్మ పాట పాడే స్త్రీలు మద్రాసు వెళ్ళి గరాటా ముందు నిలబడే ప్రశ్నే లేదు. కొలత ఎవరు నిర్ణయిస్తే వారికి సరిపోయే పాటే మిగిలింది.

14.5 కేసెట్ తెచ్చిన మార్పు

1963లో ఫిలిప్స్ కంపెనీ అరచేతిలో పట్టే కేసెట్‌ను బయటపెట్టింది. ఇందులో గాడి లేదు, ముల్లు లేదు. ఇనుప తుప్పు జాతి పొడి పూసిన సన్నని టేపు ఉంటుంది. ధ్వనికి తగినట్లు విద్యుత్తు మారుతుంది, దానికి తగినట్లు ఆ పొడిలోని అయస్కాంత గుణం మారుతుంది. ఒక పక్క 30 లేక 45 నిమిషాలు పడుతుంది. అన్నిటికంటే పెద్ద మార్పు ఇది: ప్లేటును వినగలం, కేసెట్‌ను వినడమే కాదు, మనమే నింపగలం.

మన దేశంలో కేసెట్ 1980లలో ఊపందుకుంది. కరీంనగర్, నిజామాబాద్ పల్లెల నుంచి గల్ఫ్ దేశాలకు వెళ్ళినవారు సెలవుకు వస్తూ టేప్ రికార్డర్లు తెచ్చారు. అక్షరాలు రాని కుటుంబాలు కేసెట్‌లో మాటలు నింపి ఉత్తరాలుగా పంపుకున్నాయి. ఉత్తరం ఎవరిచేతనైనా చదివించుకుంటే ఇంటి గుట్టు బయటపడుతుంది. కేసెట్‌తో ఆ బాధ లేదు.

వ్యాపారం కూడా మారింది. 1983లో గుల్షన్ కుమార్ స్థాపించిన టీ-సిరీస్ సంస్థ తక్కువ ధరకు కేసెట్లు తెచ్చి, పాన్ డబ్బాల్లో, కిరాణా కొట్లలో కూడా అమ్మించింది. పాత పాటలను కొత్త గొంతులతో పాడించింది. కొద్దిపాటి పెట్టుబడితో చిన్న ఊళ్ళలో కూడా కేసెట్లు తయారు చేయగలిగారు. ప్లేటులో పట్టని ఒగ్గుకథ, హరికథ, బుర్రకథ వరుస కేసెట్లుగా వచ్చాయి. జననాట్యమండలి గద్దర్ (మరణం 2023) పాటలు సభల నుంచి కేసెట్ల ద్వారా చేతులు మారాయి. మరమగ్గాల పనికి తెలంగాణ నుంచి సూరత్ చేరిన పద్మశాలి కుటుంబాలు సెలవుకు ఊరెళ్ళి వచ్చేటప్పుడు సంచిలో ఇలాంటి కేసెట్లు వేసుకురావడం తేలికైంది. మగ్గాల షెడ్డులో పక్కవాడి మాటే వినబడదు, పాట ఎక్కడ? అది గదికి చేరాక వినవలసినదే.

అయితే నింపుకోవడం తేలిక అంటే దొంగిలించడమూ తేలికే. దొంగ కేసెట్ల వల్ల పాడినవారికి పైసా దక్కలేదు. 1984లో చట్టాన్ని సవరించి శిక్ష పెంచారు.

14.6 అంకెలుగా మారిన పాట

1982లో సీడీ వచ్చింది. ఇందులో ధ్వనిని సెకనుకు 44,100 సార్లు కొలిచి ఆ కొలతలను అంకెలుగా రాస్తారు. 1990లలో జర్మనీ పరిశోధకులు ముందుండి తయారుచేసిన ఎంపీ3 పద్ధతి, చెవి పట్టించుకోని భాగాలను తీసేసి పాటను పదో వంతుకు తగ్గించింది. ఒక సీడీలో నూరుకు పైగా పాటలు పట్టాయి. తరువాత ఫోను, ఇంటర్నెట్టు వచ్చాయి, కేసెట్ దుకాణాలు మూతపడ్డాయి. 2023 మార్చిలో కీరవాణి స్వరపరచిన, చంద్రబోస్ రాసిన "నాటు నాటు"కు ఆస్కార్ బహుమతి వచ్చింది. ప్రపంచం ఆ పాటను విన్నది చాలావరకు ఫోనులోనే.

14.7 డబ్బు ఎవరిది?

ఒక పాటలో రాసినవారు, వరస కట్టినవారు, పాడినవారు, ముద్రించినవారు – నలుగురు ఉంటారు. 1957 కాపీరైట్ చట్టం ఉన్నా, 1977లో సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. నిర్మాత డబ్బిచ్చి చేయించుకున్న పాట మీద, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కు నిర్మాతదే అని. అదే తీర్పులో జస్టిస్ కృష్ణయ్యర్ గాయకుడికి చట్టంలో ఏ హక్కూ లేదని విచారం వెలిబుచ్చారు. 1994 సవరణతో ప్రదర్శకులకు కొన్ని హక్కులు వచ్చాయి. 2012 సవరణ ఇంకా ముందుకు వెళ్ళింది. సినిమా పాట సినిమా హాలు బయట వాడినప్పుడు వచ్చే రాయల్టీలో రచయితకు, స్వరకర్తకు సమాన వాటా ఉంటుంది. "నా వాటా వదులుకుంటున్నాను" అని ముందే సంతకం పెట్టించుకున్నా అది చెల్లదు.

చిక్కులు తీరిపోలేదు. 2017లో తన పాటలు అనుమతి లేకుండా కచేరీల్లో పాడవద్దని ఇళయరాజా, ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యానికి నోటీసు పంపించారు. పాడినవారు ఒకరు, వరస మరొకరిది – సామాన్యుడికి వింతగా తోచినా చట్టం ఈ రెంటినీ వేరుగానే చూస్తుంది.

ఇంకొకటి గమనించండి. కేసెట్ లేదా సీడీ అట్ట మీద ముద్రించినవారి పేరు, చిరునామా, హక్కుదారు పేరు, చిరునామా, మొదట విడుదలైన సంవత్సరం ఉండాలని చట్టం (52ఎ) చెబుతుంది. పాడినవారి పేరు తప్పనిసరి అని ఆ సెక్షన్‌లో లేదు. జానపద గాయకుల కేసెట్లు తిరగేస్తే ఈ లోటు ఎంతటిదో తెలుస్తుంది.

పాఠ్యాంతర్గత ప్రశ్నలు – 2

(అ) నాటక పద్యం ప్లేటుకు సరిపోవడానికి రెండు కారణాలు చెప్పండి.
(ఆ) 2012 సవరణ ఎవరికి మేలు చేసింది?

14.8 చేసి చూడండి

మీ ఇంట్లో పాత కేసెట్ ఉంటే పై అంచున ఉన్న రెండు ప్లాస్టిక్ పలకలను విరిచేయండి. పొరపాటున దానిమీద వేరేది రికార్డు కాదు. ఎండ, తేమ, స్పీకర్ల అయస్కాంతం తగలకుండా నిలువుగా పెట్టండి. టేపు మీది పొడి ఏళ్ళు గడిచేకొద్దీ రాలుతుంది కనుక వీలైనంత త్వరగా ఫోనులోకి ఎక్కించుకోండి.

తరువాత మీకు తెలిసిన పెద్దలలో ఒకరిని – నాయనమ్మ, మేనత్త, ఎవరైనా సరే – పాట పాడమని అడిగి ఫోనులో రికార్డు చేయండి. ముందుగా వారి అనుమతి తీసుకోండి. మొదట వారి పేరు, ఊరు, ఆ పాట ఎవరి దగ్గర నేర్చుకున్నారో, ఆనాటి తేదీ వారి గొంతుతోనే చెప్పించండి. ఆ వివరాలను నోటు పుస్తకంలో ఐదు వాక్యాలుగా రాసి, తరువాతి సంపర్క తరగతికి తీసుకురండి.

పాఠ్యాంతర్గత ప్రశ్నలకు జవాబులు

1. (అ) రాగం పేరు స్థూలంగా దారి చెబుతుంది. ఏ మాటను ఏ స్వరంలో పాడాలో చెప్పదు. (ఆ) పళ్ళెం నుంచి లోహపు అచ్చు తీసి ఎన్నో నకళ్ళు దించవచ్చు.
2. (అ) నటుల గొంతు గరాటాకు చాలినంత బలమైనది. ఆలాపనతో కలిపి పద్యం మూడు నిమిషాల్లో ముగుస్తుంది. (ఆ) పాట రచయితలకు, స్వరకర్తలకు.