మదర్‌బోర్డు మారుస్తున్నారా? ఫార్మాట్ కొట్టకముందు ఇవి చేయండి

అమీన్‌పూర్, బీరంగూడ, పటాన్‌చెరు చుట్టుపక్కల చిన్న వర్క్‌షాపుల్లో, దుకాణాల్లో ఏళ్ల నాటి లెక్కలన్నీ ఒకే కంప్యూటర్లో ఉండటం మామూలే. బోర్డు పోతే సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లి కొత్తది తెచ్చుకోవచ్చు. ఆ లెక్కలు మాత్రం ఏ షాపులోనూ దొరకవు. అయినా బోర్డు మార్చగానే వినిపించే మొదటి సలహా ‘ఫార్మాట్ కొట్టేయండి’. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోం కదా! విండోస్ ఉండేది డిస్కులో, బోర్డులో కాదు. విండోస్ 10, 11 చాలాసార్లు కొత్త బోర్డును తామే గుర్తుపట్టి సర్దుకుంటాయి. ఫార్మాట్‌ను ఆఖరి మార్గంగానే ఉంచుకోండి.

1. పాత బోర్డు ఇంకా పనిచేస్తుంటే

- ముఖ్యమైన ఫైళ్లన్నీ బయటి డిస్కులోకి కాపీ చేయండి.
- డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే 48 అంకెల రికవరీ కీని కాగితం మీద రాసుకుని, బిట్‌లాకర్‌ను సస్పెండ్ చేయండి. బోర్డు మారితే డిస్కు ఈ కీ అడుగుతుంది. కీ లేకపోతే అందులోని ఫైళ్లు మళ్లీ చేతికి రావు.
- సెట్టింగ్స్‌లో యాక్టివేషన్ పేజీ తెరిచి, లైసెన్సు మీ మైక్రోసాఫ్ట్ ఖాతాకు జతయి ఉందో లేదో చూడండి.
- ట్యాలీ వాడుతుంటే దాని లైసెన్సును సరెండర్ చేయండి. అది కూడా కంప్యూటర్‌కు ముడిపడి ఉంటుంది.
- బయోస్‌లో బూట్, సాటా పేజీలను ఫోన్‌తో ఫొటో తీసుకోండి.
- కొత్త బోర్డు కంపెనీ సైట్ నుంచి లాన్, చిప్‌సెట్ డ్రైవర్లు పెన్‌డ్రైవ్‌లోకి దింపుకోండి.

బోర్డు ఇప్పటికే పోయిందా? డిస్కును సాటా-యూఎస్‌బీ కేబుల్‌తో మరో కంప్యూటర్‌కు తగిలించి ముందు ఫైళ్లు కాపీ చేయండి. బిట్‌లాకర్ కీ అడిగితే ఫోన్లో మీ మైక్రోసాఫ్ట్ ఖాతా తెరిచి వెతకండి. చాలామందికి అక్కడే దొరుకుతుంది.

2. మొదట బయోస్‌లోకి వెళ్లండి

కొత్త బోర్డుతో ఆన్ చేయగానే డిలీట్ లేదా ఎఫ్2 నొక్కుతూ ఉండండి. తేదీ, సమయం సరిచేయండి. డిస్కు కనిపిస్తోందా? సాటా మోడ్ పాత ఫొటోలో ఉన్నట్టే, అంటే ఏహెచ్‌సీఐ అయితే ఏహెచ్‌సీఐ, రెయిడ్ అయితే రెయిడ్ ఉందా? బూట్ జాబితాలో ‘విండోస్ బూట్ మేనేజర్’ అని ఉంటే దాన్నే పైన పెట్టండి. ఆ డిస్కు యూఈఎఫ్ఐ పద్ధతిలో పనిచేస్తోందని అర్థం. వట్టి డిస్కు పేరే కనిపిస్తే అది పాత ఎంబీఆర్ డిస్కు కావచ్చు. అప్పుడు లెగసీ లేదా సీఎస్ఎం ఆన్ చేయాలి. కొన్ని కొత్త బోర్డుల్లో అది ఉండదు. అలాంటప్పుడు విండోస్‌లోని ఎంబీఆర్2జీపీటీ అనే సాధనం డిస్కును చెరపకుండానే మారుస్తుంది. బ్యాకప్ తీశాకే దాని జోలికి వెళ్లండి. విండోస్ 11 అయితే టీపీఎం అనే భద్రతా చిప్‌ను కూడా ఆన్ చేయండి.

3. ఓపిగ్గా బూట్ కానివ్వండి

‘గెటింగ్ డివైసెస్ రెడీ’ అని వచ్చి, ఒకట్రెండుసార్లు రీస్టార్ట్ కావచ్చు. మధ్యలో పవర్ తీయకండి.

‘ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్’ అని నీలి తెర వస్తే సాటా మోడ్ మార్చి చూడండి. అయినా రాకపోతే వరుసగా బూట్ విఫలమయ్యాక వచ్చే రికవరీ తెరలో సేఫ్ మోడ్, స్టార్టప్ రిపేర్ ప్రయత్నించండి.

4. డ్రైవర్లు వేయండి

ముందు చిప్‌సెట్, ఆ తర్వాత లాన్, గ్రాఫిక్స్, సౌండ్. నెట్ రాకపోతే ఫోన్‌ను కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. చాలావరకు ఇంటర్నెట్ అందుతుంది.

5. యాక్టివేషన్ చూసుకోండి

విండోస్ యాక్టివేట్ కాలేదంటే యాక్టివేషన్ పేజీలో ట్రబుల్‌షూట్ తెరిచి, ‘ఈ మధ్య హార్డ్‌వేర్ మార్చాను’ అనే అర్థం వచ్చే ఎంపిక నొక్కి, మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ కండి. విడిగా కొన్న రిటైల్ లైసెన్సు కొత్త బోర్డుకు మారుతుంది. కంపెనీ కంప్యూటర్‌తో పాటు వచ్చిన ఓఈఎం లైసెన్సు మామూలుగా పాత బోర్డుకే పరిమితం. కంపెనీయే చెడిన బోర్డు మార్చి ఇచ్చిందా? అయితే కొత్త లైసెన్సు అవసరమా కాదా అని వాళ్లనే అడగండి.

లినక్స్ వాడేవారికి పని తక్కువే. డ్రైవర్లు చాలావరకు కెర్నల్‌లోనే ఉంటాయి. బూట్ జాబితాలో పేరు రాకపోతే లైవ్ పెన్‌డ్రైవ్‌తో తెరిచి గ్రబ్ అనే బూట్‌లోడర్‌ను మళ్లీ వేయండి.

చివరగా ఒక బిల్లు ప్రింట్ తీసి, ట్యాలీలో పాత ఏడాది లెక్క ఒకటి తెరిచి చూడండి. ఒక పూర్తి రోజు పని సాఫీగా జరిగేదాకా బ్యాకప్‌ను చెరపకండి.