ఇంజను సైకిలుకు వెనక్కి తొక్కే బ్రేకు: ఏం చేయాలి, ఏం చేయకూడదు

మన సైకిళ్లకు చేతి బ్రేకులు, వెనక చక్రానికి ఫ్రీవీలు అలవాటు. అమెరికాలో 1930లు, 40ల నాటి లావు టైర్ల సైకిళ్లకు మాత్రం బ్రేకు వెనక హబ్బు లోపలే ఉండేది. పెడళ్లను వెనక్కి తొక్కితే పడేది. దాన్నే కోస్టర్ బ్రేకు అంటారు. 1939లో లాస్ ఏంజెలెస్‌ నుంచి విజ్జర్ ఇంజను కిట్లు రావడంతో ఇవే సైకిళ్లు మోటారు వేగం అందుకున్నాయి. బ్రేకు మాత్రం కాళ్ల బలంతో వెళ్లే బండికి చేసిందే. వేగం మూడింతలైతే బ్రేకు మింగాల్సిన శక్తి తొమ్మిదింతలవుతుంది. ఆ శక్తంతా పిడికెడంత హబ్బులో వేడిగా మారాలి. అమెరికాలో ఉంటూ అలాంటి పాత బండి మీద మనసు పడ్డవాళ్లు ముందు ఈ లెక్క గుర్తుంచుకోవాలి.

చేయవలసినవి

ముందు చక్రానికి విడిగా మంచి బ్రేకు పెట్టించండి. వెనక హబ్బు ఏ కంపెనీదన్న చర్చ ఆ తర్వాతే. చైను ఊడినా తెగినా కోస్టర్ బ్రేకు ఆ క్షణమే పోతుంది. పైగా బ్రేకు వేసినప్పుడు బరువు ముందుకు వాలుతుంది కాబట్టి, వెనక చక్రం ఒక్కటే ఎంత గట్టిగా పట్టినా జారడమే ఎక్కువ.

పాత హబ్బుల్లో న్యూ డిపార్చర్, మారో, బెండిక్స్ పేర్లు తరచుగా వినబడతాయి. న్యూ డిపార్చర్ మోడల్ డి లోపల పలుచని బిళ్లల దొంతర ఒకదాన్నొకటి ఒరుసుకుంటుంది. బెండిక్స్‌లో షూలు విచ్చుకుని హబ్బు గోడను పడతాయి. ఏది గొప్పదని అభిమానులు తెగ వాదించుకుంటారు. నన్నడిగితే, విడిభాగాలు దొరికేదే మంచి హబ్బు. ఒక కంపెనీ భాగాలు మరోదానికి సరిపోవు. కొనేముందు స్పోకుల రంధ్రాలు సాగాయేమో, అంచు దగ్గర పగులుందేమో వెలుతురులో చూడండి.

విప్పేటప్పుడు ప్రతి భాగానికీ వరసగా ఫోటో తీసుకోండి. బాల్స్ ఉండే కేజ్‌ను తిరగేసి బిగిస్తే బేరింగు చెడుతుంది. ముందుకూ వెనక్కీ తొక్కినా పెడలు పట్టు లేకుండా తిరుగుతోందంటే, లోపల క్లచ్చును ఒరుసుకునే చిన్న స్ప్రింగు అరిగిందేమో మొదట చూడాలి. చాలామంది దాన్ని వదిలేసి షూల మీద పడతారు.

లోపల అధిక వేడి తట్టుకునే గ్రీజు పెట్టండి. బ్రేకు షూలకు గ్రీజేమిటని ఆశ్చర్యపోవద్దు. ఇక్కడ లోహం మీద లోహం ఒరుసుకుంటుంది. గ్రీజు లేకపోతే చక్రం ఉన్నట్టుండి పట్టేస్తుంది.

బండి ఇంజను మీద వెళ్తున్నప్పుడు పెడళ్లు నేలకు సమాంతరంగా ఉంచండి. ఒక పెడలు నిటారుగా పైకి ఉంటే వెనక్కి తొక్కడానికి బలం చాలదు. బ్రేకు వేసేముందు థ్రాటిల్ తగ్గించి, ఇంజను క్లచ్ విడిపించండి.

చేయకూడనివి

బ్రేకు ఆర్మును ఊడదీయొద్దు, ఫ్రేముకు కట్టే పట్టీ లేకుండా వదలొద్దు. అన్నిటికంటే ప్రమాదకరమైన పని ఇదే. ఈ కాలపు టూ-స్ట్రోక్ కిట్లలో ఇంజను స్ప్రాకెట్ ఎడమవైపు, స్పోకులకు బిగిస్తారు. కోస్టర్ ఆర్ము కూడా ఆ పక్కనే ఉండి అడ్డొస్తుంది. అడ్డొచ్చిందని ఆర్మును కోస్తారు, ఇష్టం వచ్చినట్టు వంచుతారు. బ్రేకు పడ్డప్పుడు ఆ తిప్పుడు బలమంతా ఆర్మే ఆపాలి. అది జారితే యాక్సిల్ తిరిగి, బేరింగు కోను బిగుసుకోవచ్చు, వదులైపోవచ్చు.

చైను మరీ వదులుగా ఉంచొద్దు. మధ్యలో అరంగుళం ఆట చాలు.

హబ్బులోకి శుభ్రం చేసే స్ప్రేలు కొట్టొద్దు, గ్రీజు కరిగిపోతుంది.

పొడవైన దిగుడులో కోస్టర్ బ్రేకునే తొక్కిపట్టి ఉంచొద్దు. 1976లో కాలిఫోర్నియాలోని మరిన్ కౌంటీలో, ఫెయిర్‌ఫాక్స్ దగ్గర, పాత సైకిళ్ల మీద కొండ దిగే పందేలు మొదలయ్యాయి. దిగుడు సుమారు 1,300 అడుగులు. కిందికి చేరేసరికి హబ్బులో గ్రీజు పొగలు కక్కేది. విప్పి మళ్లీ నింపాల్సిందే. అందుకే ఆ దారికి రీప్యాక్ అన్న పేరు స్థిరపడింది. ఆ సైకిళ్లకు ఇంజన్లు లేవని మరవొద్దు. మాడు వాసన వస్తే ఆగండి. హబ్బును తాకొద్దు, నీళ్లు పోయొద్దు.

ముందు చక్రానికి పాత డ్రమ్ బ్రేకు ఉంటే, దాని లైనింగులో ఆస్బెస్టాస్ ఉండవచ్చు. ఆ దుమ్మును నోటితో గానీ గాలి పంపుతో గానీ ఊదొద్దు, తడిగుడ్డతో తుడవండి.

బాగుచేశాక తొలి పరీక్ష ఇంజను మీద, రద్దీ రోడ్డు మీద వద్దు. ఖాళీ మైదానంలో, ఇంజను ఆపి, నడక వేగంతో మొదలుపెట్టండి.

అమ్మేవాడు ‘బ్రేకు ఒరిజినల్’ అని గొప్పగా చెబితే, ముందు చక్రానికి బ్రేకు పెట్టించే ఖర్చు తీసేసి బేరమాడండి.