అన్నము మానినవారి దాహము

వరియన్నమును మిక్కిలి తగ్గించి మాంసము, గ్రుడ్లు, వెన్న, కూరగాయలతో కడుపు నింపుకొనువారు నేడు పల్లెలయందును కానవచ్చుచున్నారు. మధుమేహమువలన కొందఱును, స్థూలకాయమువలన కొందఱును ఈ పథ్యమును పట్టుచున్నారు. వీరిలో పలువురు చెప్పుకొను బాధ యొకటి కలదు: ఎన్ని చెంబుల నీరు త్రాగినను దప్పిక తీఱదు, తల నొచ్చును, పిక్కలు పట్టును, లేచి నిలువగానే కన్నులు తిరుగును. దీని కారణమును ఈ పాఠమున విచారింతము.

మనము తిన్న పిండిపదార్థములో కొంతభాగము గ్లైకోజన్ అను రూపమున కాలేయమునందును కండరములందును నిలువయుండును. ఒక గ్రాము గ్లైకోజన్ తనతో సుమారు మూడు గ్రాముల నీటిని పట్టియుంచును. అన్నము మానినపుడు ఈ నిలువ తఱిగి, ఆ నీరు వెలికి పోవును. మొదటివారమున బరువు వేగముగా తగ్గుటకు ముఖ్యకారణ మిదియే. అది యంతయు క్రొవ్వు కరగుట కాదు.

రెండవ కారణము మఱింత గమనింపదగినది. పిండిపదార్థము తగ్గగా రక్తములో ఇన్సులిన్ తగ్గును. మూత్రపిండములు ఉప్పులోని సోడియమును పోనీయక నిలుపుటకు ఇన్సులిన్ తోడ్పడును. అది తగ్గగా సోడియము మూత్రముతో పోవును, దానివెంట నీరును పోవును. పైగా మన యిండ్లలో ఉప్పు అన్నముతోడనే నోటికి చేరును. ఊరగాయ, పులుసు, చారు, మజ్జిగ యివన్నియు అన్నమునకు తోడు. విస్తరినుండి అన్నము తొలగినచో ఇవియు తొలగును. ఇట్లు పోవునది హెచ్చి వచ్చునది తగ్గును.

గట్టు తెగిన మడికి ఎంత నీరు పెట్టినను నిలుచునా? శరీరమున ఆ గట్టు ఉప్పే. వట్టి నీరే ఎడతెగక త్రాగినచో రక్తములోని సోడియము పలుచనగును. లీటరునకు 135 మొదలు 145 మిల్లీమోల్‌ల వఱకు ఉండవలసిన సోడియము మిక్కిలి తగ్గినచో వాంతులు, మతిభ్రమ, మూర్ఛయు కలుగవచ్చును. ఎండలో పని చేయువారికి చెమటతోను ఉప్పు పోవును గనుక వారు మఱింత జాగ్రత్తగా నుండవలయును.

ఆరోగ్యవంతులు ఈ పథ్యమున నున్నపుడు ఉప్పు కలిపిన పలుచని మజ్జిగయో, చారో, ఎముకల రసమో దినమునకు ఒకటి రెండు మాఱులు పుచ్చుకొనుట మేలు. తోటకూర, పాలకూర మొదలగు ఆకుకూరలవలన పొటాసియము లభించును. కొబ్బరినీటిలో పొటాసియము మెండు, సోడియము స్వల్పము. కావున ఉప్పునకు అది బదులు కానేరదు.

అయితే ప్రతి దప్పికయు ఉప్పు కొఱతయే యని తలపరాదు. రక్తములో చక్కెర, నూఱు మిల్లీలీటర్లకు సుమారు 180 మిల్లీగ్రాములు దాటినపుడు, మూత్రములోనికి దిగి నీటిని లాగుకొనిపోవును. అదియు దాహమే. కనుక తొలుత రక్తపరీక్ష చేయించుకొనవలెను. రక్తపోటు, గుండెజబ్బు, మూత్రపిండవ్యాధి గలవారు తమంతట ఉప్పును హెచ్చింపరాదు. ఇన్సులిన్ గాని, చక్కెర మాత్రలు గాని, నీటిమాత్రలు గాని వాడువారు వైద్యుని సలహా లేక అన్నము మానరాదు. మందు మోతాదు మార్పవలసియుండును. దాహముతో వాంతులు, కడుపునొప్పి, వేగమైన ఊపిరి, మగత కనబడినచో ఇంటివైద్యము మాని తక్షణమే ఆసుపత్రికి పోవలయును.

పథ్యము పట్టుట మంచిదే. దేనిని మానితిమో తెలిసినట్లే, దానితో గూడ ఏది పోయినదో తెలిసికొనుటయు పథ్యములో భాగమే.