వీధిదీపముల లెక్క: వోల్టు, ఆంపియరు, ఓము, వాటు

గ్రామమునకు వెలుగు కల్పించుట పంచాయతీ బాధ్యతలలో ఒకటి. వీధులలోను బహిరంగ స్థలములలోను దీపములు ఏర్పాటు చేయుటను 1994 నాటి ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టము గ్రామ పంచాయతీల విధులలో చేర్చినది. దీపము వెలుగుట అందరును చూతురు. దాని బిల్లును చూచువారు కొందరే. బిల్లు వచ్చిన దినమున ‘ఇంత ఎట్లయినది?’ అని ఆశ్చర్యపడుటయే గాని, లెక్క వేసి చూచు అలవాటు మనలో తక్కువ. ఈ లెక్క కష్టమైనది కాదు. గుణకారము, భాగహారము తెలిసిన ప్రతి సభ్యుడును, ప్రతి సభ్యురాలును దీనిని చేయగలరు.

మూడు కొలతలు

మన ఊరి మంచినీటి ట్యాంకును తలచుకొందము. ట్యాంకు ఎంత ఎత్తున నుండునో నీరు అంత ఒత్తిడితో దిగును. గొట్టము సన్నదైనచో ప్రవాహము తగ్గును, లావైనచో హెచ్చును. విద్యుత్తు విషయమును ఇట్లే గ్రహింపవచ్చును. ఒత్తిడిని వోల్టులలోను, ప్రవాహమును ఆంపియరులలోను, ప్రవాహమునకు తీగ గాని పరికరము గాని కలిగించు నిరోధమును ఓములలోను కొలుతురు. జర్మనీ దేశస్థుడగు జార్జి సైమన్ ఓమ్ ఈ మూడింటి సంబంధమును 1827లో ప్రకటించిన గ్రంథములో వివరించెను. ఆయన పేరే నిరోధమునకు కొలమానమైనది.

వోల్టులను ఆంపియరులతో భాగించినచో ఓములు వచ్చును. వోల్టులను ఆంపియరులతో గుణించినచో వాట్లు వచ్చును. వెయ్యి వాట్ల పరికరము ఒక గంటసేపు పనిచేసినచో ఒక యూనిటు ఖర్చగును.

ఉదాహరణకు, నీళ్లు కాచు హీటరు ఒకటి 230 వోల్టుల వద్ద 5 ఆంపియరులు తీసికొనుచున్నదనుకొందము. 230ని 5తో భాగింపగా దాని నిరోధము 46 ఓములు. 230ని 5తో గుణింపగా దాని శక్తి 1,150 వాట్లు. గంటకు ఖర్చు 1.15 యూనిట్లు.

తీగ తినివేయు శక్తి

ఇప్పుడు వీధికి వత్తము. ఒక ఊరిలో 100 వాట్ల పాతరకము బల్బులు 46 కలవనుకొందము. మొత్తము 4,600 వాట్లు. దీనిని 230తో భాగింపగా ప్రవాహము 20 ఆంపియరులు. రాకపోకల తీగ నిరోధము ఒక ఓము అనియు, లెక్క సులభమగుటకై దీపములన్నియు తీగ చివరనే ఉన్నవనియు భావింతము. 20 ఆంపియరులను ఒక ఓముతో గుణింపగా 20 వోల్టులు తీగలోనే తరిగిపోవును. ఊరి చివరి దీపము మసకగా వెలుగుటకు కారణమిదియే. ఆ 20 వోల్టులను 20 ఆంపియరులతో గుణింపగా 400 వాట్లు తీగను వేడిచేయుటకే వ్యర్థమగుచున్నవి.

ఆ బల్బుల స్థానమున 20 వాట్ల ఎల్.ఇ.డి. దీపములు పెట్టినచో మొత్తము 920 వాట్లు; ప్రవాహము ఇంచుమించు 4 ఆంపియరులు. తీగలో తరుగు 4 వోల్టులు; నష్టము 16 వాట్లు మాత్రమే. ప్రవాహము అయిదవ వంతుకు తగ్గగా నష్టము ఇరువది అయిదవ వంతుకు తగ్గినది. ఈ సంగతి సభ్యులు ముఖ్యముగా గుర్తుంచుకొనవలెను.

వదులు అతుకుల ప్రమాదమును ఇట్టిదే. 20 ఆంపియరులు పారు తీగలో ఒక అతుకు అర ఓము నిరోధము కలిగించినచో ఆ చిన్న చోటనే 200 వాట్ల వేడి పుట్టును. అతుకు కాలి తీగ తెగుటకు అది చాలును.

బిల్లును సరిచూచుట

దీపములు రాత్రి 12 గంటలు వెలిగినచో పాత బల్బులకు దినమునకు 55.2 యూనిట్లు, 30 దినములకు 1,656 యూనిట్లు అగును. ఎల్.ఇ.డి. దీపములకు దినమునకు 11.04, 30 దినములకు 331.2 యూనిట్లు చాలును. అయితే ఈ పొదుపు కూడ అజాగ్రత్తవలన కరిగిపోవచ్చును. ఆ దీపములనే ఆర్పక పగలు మరి 10 గంటలు వెలుగనిచ్చినచో, నెలకు 276 యూనిట్లు ఎండలో పోసినట్లే. ఆ సొమ్ము కాలువల మరమ్మతుకో, మంచినీటికో ఉపయోగపడవలసినది.

నీటి మోటారు లెక్కలో కొంత భేదము కలదు. మూడు ఫేజుల మోటారునకు వోల్టులను ఆంపియరులతో గుణించి, దానిని 1.732తోను, పవర్ ఫాక్టరుతోను మరల గుణింపవలెను. 415 వోల్టులు, 7.5 ఆంపియరులు, పవర్ ఫాక్టరు 0.8 అయినచో ఇంచుమించు 4,313 వాట్లు వచ్చును. గంటకు 4.3 యూనిట్లు.

ప్రాణముల లెక్క

ఇదే సూత్రము మన దేహమునకును వర్తించును. పొడి చర్మము నిరోధము ఎక్కువ. తడిసినపుడు దేహము నిరోధము ఇంచుమించు 1,000 ఓములకు పడిపోవచ్చును. 230ని వెయ్యితో భాగింపగా 0.23 ఆంపియరు. ప్రాణము తీయుటకు ఇది చాలును. 0.03 ఆంపియరు భూమికి జారినంతనే సరఫరాను తెంచు రక్షణ స్విచ్చులను వాడుట ఈ కారణముననే. కావున తడిచేతులతో స్విచ్చులు ముట్టరాదనియు, ఇనుప తీగ దండెములను విద్యుత్ తీగలకు దూరముగా కట్టవలెననియు ఊరివారికి పదే పదే చెప్పవలెను. స్తంభముపై పని లైన్‌మన్‌కే వదలవలెను.

రాబోవు సమావేశమునకు ముందు సభ్యులు ఈ పనులు చేయుదురుగాక: వార్డువారీగా దీపములను, వాని వాట్లను వ్రాసికొనవలెను. వెలుగు గంటలతో గుణించి, వచ్చిన యూనిట్లను బిల్లుతో పోల్చవలెను. పగలు వెలుగు దీపములను, మసక దీపములను, వేడెక్కు అతుకులను గుర్తించి విద్యుత్ సిబ్బందికి వ్రాతమూలకముగా తెలుపవలెను. లెక్క తెలిసిన పంచాయతీని ఏ బిల్లును కలవరపెట్టజాలదు. పైకము ప్రజలది, దానికి లెక్క చూచు బాధ్యత మనది.