పండుగ లెక్క: అప్పు లేని క్రిస్మస్



వార్షికోత్సవ సంచికకు చదువుకు సంబంధించిన వ్యాసం రాయమన్నారు. మేము ఎం.కామ్. చదువుతున్నాం కాబట్టి లెక్కల గురించే రాస్తున్నాం. అయితే ఇది కంపెనీల లెక్క కాదు. మన ఇళ్లలో ప్రతి డిసెంబరులో తప్పిపోయే లెక్క.

మా ఇంట్లో జరిగింది

మేము డిగ్రీ రెండో సంవత్సరంలో ఉండగా బుడ్డల పంట పోయింది. పెట్టుబడి కూడా తిరిగి రాలేదు. అయినా క్రిస్మస్ ఆగదు కదా! క్రిస్మస్‌కు ఒక జత బట్టలు, జనవరి ఒకటో తారీకుకు ఒక జత. పెళ్లయిన అక్క, బావ, పాప వస్తారు, వాళ్లకూ పెట్టాలి. పిండివంటలు, మాంసం, చర్చి కానుక, ఇంటి ముందు నక్షత్రం. అంతా కలిపి 12,400 రూపాయలైంది. చేతిలో ఉన్నది 4,400. మిగతా 8,000 నాయన నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చాడు. నిజం చెప్పాలంటే, రెండో జత కావాలని పట్టుబట్టింది మేమే. కాలేజీలో చదువుతున్నామనే గొప్ప.

జూన్ నెలలో అప్పిచ్చినాయన ఇంటి ముందు కూర్చున్నాడు. అప్పుడు ఇంట్లో ఉన్నది పదో తరగతి పాసైన చెల్లెలి కాలేజీకని దాచిన డబ్బు. అది తీసి 9,440 కట్టేశాం. చెల్లెలు ఆ ఏడు కాలేజీకి పోలేదు, అమ్మ వెంట కలుపు తీయడానికి పోయింది. మా రెండో జత ఖరీదు అంగడిలో రాసిచ్చిన బిల్లు కాదని మాకు ఆ రోజు అర్థమైంది.

మొదటి పాఠం: వడ్డీని ఏడాదికి లెక్కవేయాలి

నూటికి మూడు రూపాయలంటే వినడానికి చిన్నగా ఉంటుంది. అది నెలకు. పన్నెండు నెలలకు నూటికి 36 రూపాయలు. 8,000కు నెలకు 240, ఆరు నెలలకు 1,440. అదే పావలా వడ్డీ అయితే నెలకు 20, ఆరు నెలలకు 120. 2004లో మన రాష్ట్రంలో డ్వాక్రా మహిళలకు పావలా వడ్డీ పథకం వచ్చినప్పుడు అంత పేరు ఎందుకు వచ్చిందో ఈ రెండు అంకెలు పక్కపక్కన పెడితే తెలుస్తుంది. ఎవరైనా వడ్డీ చెబితే ముందు పన్నెండుతో గుణించండి. తర్వాతే చేయి చాపండి.

రెండో పాఠం: పండుగను పంట మీద పెట్టకూడదు

మన అనంతపురంలో ఏడాదికి సగటున కురిసేది సుమారు 550 మిల్లీమీటర్ల వాన. అదీ కావలసినప్పుడు రాదు. జూన్, జులైలో వేసిన బుడ్డలు అక్టోబరు, నవంబరులో పెరుకుతాం. ఆ డబ్బుతో పండుగ చేద్దామనుకుంటాం. పంట వస్తే సరే, రాకపోతే అప్పే గతి. కాబట్టి పండుగ డబ్బు కూలి డబ్బులోంచి ముందే తీసిపెట్టాలి.

పుస్తకాల్లో "ప్రతి నెలా సమానంగా దాచండి" అని రాస్తారు. నెల జీతం ఉన్నవాళ్లకు అది సరిపోతుంది. మన కూలి నెలనెలా సమానంగా రాదు. 2006 ఫిబ్రవరి 2న జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకం మన నార్పల మండలం బండ్లపల్లిలోనే మొదలైంది. ఆ పని మా ఇంటికి ఎక్కువగా దొరికింది ఎండాకాలంలోనే. అందుకని అమ్మతో కూర్చుని ఇలా రాసుకున్నాం:

జనవరి నుంచి మార్చి వరకు నెలకు 500: మొత్తం 1,500
ఏప్రిల్ నుంచి జూన్ వరకు నెలకు 1,000: మొత్తం 3,000
జులై నుంచి అక్టోబరు వరకు నెలకు 300: మొత్తం 1,200
నవంబరులో బుడ్డలు పెరికిన కూలిలోంచి 1,500
అంతా కలిపి 7,200.

మూడో పాఠం: ముందు డబ్బు, తర్వాత పట్టీ

ఇంతకుముందు పట్టీ రాసి డబ్బు వెతికేవాళ్లం. ఇప్పుడు ఉన్న 7,200కు పట్టీ రాశాం. ఇంట్లో అందరికీ ఒక్కొక్క జత 3,500. అక్కకు చీర, బావకు చొక్కా, పాపకు గౌను 1,500. సరుకులు, పిండివంటలు 1,200. పండుగ భోజనం 700. కానుక 300. క్రిస్మస్ జత ఉతికి ఇస్త్రీ చేసుకుంటే అదే జనవరి ఒకటికి. పోయిన ఏటి నక్షత్రానికి కొత్త కాగితం అంటించాం.

అమ్మ మొదట ఒప్పుకోలేదు. "ఏడాదికొక పండగ, దానికీ లెక్కలేనా నాయనా? నలుగురిలో తలెత్తుకోవద్దా?" అంది. "లెక్క పండుగను తగ్గించడానికి కాదమ్మా, జూన్‌లో తల దించుకోకుండా ఉండడానికి" అన్నాం. చెల్లెలు ఏమీ అనలేదు. పలక తెచ్చి అంకెలు వేసింది. ఆ తర్వాత అమ్మ మాట్లాడలేదు.

బహుమతులకు ఒక ఉపాయం ఉంది. అందరూ అందరికీ కొనకుండా, పేర్లు చీటీల మీద రాసి తీయండి. ఎవరి పేరు వస్తే వాళ్లకు ఒక్క బహుమతి, వంద రూపాయలు దాటకూడదు. తమ్ముడికి మా పాత గైడ్లు అట్టలు వేసి ఇచ్చాం. అక్క పోయేటప్పుడు అమ్మ ఇంట్లో చేసిన కర్జికాయలు, బుడ్డల ఉండలు డబ్బా నిండా కట్టిచ్చింది. అంగడి కేకు కంటే వాటినే బావ మెచ్చుకున్నాడు.

నాలుగో పాఠం: దాచే చోటు

పండుగ కోసం దాచడం ఇతర దేశాల్లోనూ ఉంది. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని కార్లైల్ పట్టణంలో ఒక ట్రస్టు కంపెనీ 1909లోనే క్రిస్మస్ పొదుపు నిధి మొదలుపెట్టింది. ఏడాదంతా కొంచెం కొంచెం కట్టి డిసెంబరులో తీసుకోవడం. అయితే బ్రిటన్‌లో ఇలాగే ముందుగా డబ్బు కట్టించుకుని పండుగ సరుకులు ఇచ్చే ఫేర్‌పాక్ సంస్థ 2006 అక్టోబరులో దివాలా తీసింది. లక్ష మందికి పైగా పేద, మధ్యతరగతి జనం పండుగ ముందు నష్టపోయారు.

మన ఊళ్లలో వారం వారం కట్టే పండుగ చీటీలకూ ఇదే ప్రమాదం. చీటీలు నడపడానికి 1982 చిట్ ఫండ్స్ చట్టం ఉంది. అనుమతి లేకుండా జనం దగ్గర డిపాజిట్లు వసూలు చేయడాన్ని 2019 చట్టం నిషేధించింది. రసీదు, రిజిస్ట్రేషన్ లేని చోట తెలిసినవాళ్లయినా కట్టవద్దు. పోస్టాఫీసు రికరింగ్ డిపాజిట్ గడువు ఐదేళ్లు, పండుగకు కుదరదు. బ్యాంకులో ఏడాదికి ఉంటుంది కానీ సాధారణంగా నెలనెలా ఒకే మొత్తం కట్టాలి. హెచ్చుతగ్గుల కూలికి అమ్మ పేరున మామూలు పొదుపు ఖాతాయే మేలు. చిల్లర హుండీలో వేసి, నిండగానే ఖాతాలో కట్టేయాలి.

చివరి మాట

ఇది క్రిస్మస్‌కే కాదు. ఉగాదికీ, సంక్రాంతికీ, గూగూడు కుళ్లాయప్ప పీర్ల పండుగకూ ఇదే లెక్క. మన అమ్మానాన్నలకు చదువు రాకపోవచ్చు, కష్టం తెలుసు. లెక్క తెలిసిన మనం ఇంటికి పోయినప్పుడు ఒక్క సాయంత్రం వాళ్ల పక్కన నోటుపుస్తకం తెరిచి కూర్చోవాలి. వడ్డీ లెక్క పరీక్షలో అయిదు మార్కులకు వస్తుంది. ఇంట్లో అది ఒక ఆడపిల్ల చదువుకు వస్తుంది.

మా చెల్లెలు ఒక ఏడు ఆలస్యంగానైనా ఇంటర్‌లో చేరింది. పోయిన క్రిస్మస్‌కు మా ఇంట్లో అప్పు లేదు. ఈ ఏడు హుండీ తాళం చెవి ఆమె దగ్గరే ఉంది.

అందరికీ ముందుగా పండుగ శుభాకాంక్షలు.