ఎర్ర బటన్ కొనే ముందు

శుక్రవారం రాత్రి మాదాపూర్‌లో లాగౌట్ అయి, తెల్లారేసరికి మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర టీ తాగే సాఫ్ట్‌వేర్ జనం ఇప్పుడు చాలామందే ఉన్నారు. అక్కణ్ణుంచి లోయలోకి దిగుతుంటే ఫోన్‌లో సిగ్నల్ గీతలు ఒక్కొక్కటే రాలిపోతాయి. 2009 సెప్టెంబరు 2న బేగంపేట నుంచి ఎగిరిన అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి హెలికాప్టర్ ఈ నల్లమలలోనే మాయమైంది. సుఖోయ్ విమానాలతో వెతికినా రుద్రకొండ మీద దాని ఆచూకీ దొరికింది మర్నాడు పొద్దునే. ముఖ్యమంత్రికే అంతసేపు పడితే మన సంగతేంటి అనిపించి, ఆపదలో ఉపగ్రహానికి కబురు పంపే బీకన్ కొనాలనుకుంటున్నారా? అయితే ఈ వరసలో వెళ్లండి.

మొదటి పని: నడిచేది ఏ దేశంలోనో తేల్చుకోండి. ఆన్‌సైట్ నుంచి వచ్చే ఫ్రెండ్‌తో గార్మిన్ ఇన్‌రీచ్ తెప్పించుకుందామనుకుంటే ఇక్కడే ఆగండి. అది ఇరిడియం ఉపగ్రహాల మీద నడుస్తుంది. ఇరిడియం, తురాయా పరికరాలను అనుమతి లేకుండా మన దేశంలోకి తేకూడదు, వాడకూడదు. 2024 డిసెంబరులో గోవా విమానాశ్రయంలో కెనడాకు చెందిన ఒకావిడను బ్యాగులో ఇన్‌రీచ్ ఉందనే పట్టుకున్నారు. పీఎల్‌బీ అనే పర్సనల్ లొకేటర్ బీకన్ వేరే రకమే కానీ, అదీ రేడియో ట్రాన్స్‌మిటరే. ఇక్కడ వాడాలంటే ముందు దూరసంచార శాఖకు రాసి అడగండి, జవాబు కాగితం మీద తీసుకోండి. అమెజాన్ రివ్యూలు కస్టమ్స్ కౌంటర్ దగ్గర పనికిరావు.

రెండోది: కొలరాడోలోనో, న్యూజిలాండ్‌లోనో నడుస్తారనుకుందాం. ఇన్‌రీచ్‌తో మెసేజ్ పంపొచ్చు, జవాబు కూడా వస్తుంది. కానీ నెలనెలా చందా కట్టాలి, చార్జింగ్ చూసుకోవాలి. పీఎల్‌బీ సబ్బు పెట్టె అంత ఉంటుంది. చందా లేదు, కబుర్లూ లేవు. 406 మెగాహెర్ట్జ్ మీద అయిదు వాట్లతో, ఆపద కబుర్లు వినే కోస్పాస్-సార్సాట్ ఉపగ్రహాలకు కేక వేస్తుంది, కనీసం 24 గంటలు వేస్తూనే ఉంటుంది. ఏడాదికి రెండు ట్రెక్కులు చేసి, చార్జర్ మర్చిపోయే నాలాంటి వాళ్లకు నేనైతే పీఎల్‌బీయే చెప్తాను. లోపల జీపీఎస్ ఉన్నదే తీసుకోండి. లేకపోతే మీ జాడ కిలోమీటర్ల తేడాతో తెలుస్తుంది, ఉంటే వంద మీటర్ల దాకా దగ్గరపడుతుంది. సెకండ్ హ్యాండ్‌లో 121.5 మెగాహెర్ట్జ్ ఒక్కటే పలికే పాతవి దొరుకుతాయి. వాటిని ఉపగ్రహాలు వినడం 2009 ఫిబ్రవరి 1తోనే ఆగిపోయింది.

మూడోది, అందరూ ఎగ్గొట్టేది: రిజిస్ట్రేషన్. పెట్టె మీద 15 అక్షరాల కోడ్ ఉంటుంది. అందులోనే దేశం దాగి ఉంటుంది, మనది 419. భారత్ కోడ్ ఉన్న బీకన్ల లెక్క బెంగళూరులోని ఇస్రో కేంద్రం చూస్తుంది, అమెరికావి నోవా అనే సంస్థ చూస్తుంది. అమెరికాలో రెండేళ్లకోసారి వివరాలు మళ్లీ ఖాయం చేయాలి. ఎమర్జెన్సీ కాంటాక్ట్ దగ్గర మీ నంబరే రాయకండి. ఆ ఫోను సిగ్నల్ లేకుండా మీ జేబులోనే ఉంటుంది! అమ్మదో, అన్నయ్యదో ఇవ్వండి, వాళ్లకు ముందే చెప్పి పెట్టండి.

తర్వాత అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద ప్రాక్టీసు. చుట్టిన యాంటెన్నా ఎలా విప్పాలో, జీపీఎస్ గుర్తు ఉన్నచోట అరచెయ్యి పడకుండా ఎలా పట్టుకోవాలో చూసుకోండి. నొక్కాల్సింది టెస్ట్ బటన్ మాత్రమే. అసలుది నొక్కితే నిజంగానే ఎక్కడో ఫోన్లు మోగుతాయి. బ్యాటరీ గడువు తేదీ కూడా చూడండి.

మన దగ్గర ఇలాంటి పరికరం అడవిలో కన్నా పడవల్లోనే ఎక్కువ. సముద్రంలోకి వెళ్లే మత్స్యకారుల కోసం ఇస్రో చేసిన డిస్ట్రెస్ అలర్ట్ ట్రాన్స్‌మిటర్‌కు 2024 నుంచి రెండో తరం వచ్చింది. ఆపదలో బటన్ నొక్కితే, కబురు అందిందని తిరుగు జవాబు కూడా వస్తుంది. కానీ అది ట్రెక్కర్ల కోసం చేసింది కాదు.

అందుకని ఈ శనివారం నల్లమలకైతే ఒక కాగితం చాలు. ఏ దారి, ఎంతమంది, బండి నంబరు, ఎన్నింటికి తిరిగి వస్తారు, ఎన్నింటికల్లా రాకపోతే 112కు ఫోన్ చేయాలి. రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించండి.