ఉద్యోగి వెళ్లిపోతే ఆ తెలివి ఎక్కడికి పోతుంది?

హౌరాలో మెయిన్ లైన్ లోకల్ రైలెక్కితే మొదట వచ్చే స్టేషన్ లిలువా. 1900లో ఈస్ట్ ఇండియన్ రైల్వే ఇక్కడ పెట్టిన క్యారేజ్, వ్యాగన్ వర్క్‌షాపు ఇప్పటికీ నడుస్తోంది. రైల్వే పనిలో బోల్టు ఎంత బిగించాలో కాగితం మీద ఉంటుంది. సుత్తితో చక్రాన్ని తట్టి పగులును పసిగట్టడం మాత్రం సీనియర్ పక్కన నిలబడి నేర్చుకోవాల్సిందే. పగులు కంపనాన్ని మింగేస్తుంది కాబట్టి మోత మొద్దుబారుతుందని భౌతికశాస్త్రం చెబుతుంది. అంతమాత్రాన చెవికి ఆ తేడా తెలియదు. రసాయన శాస్త్రం నుంచి తత్వశాస్త్రానికి వచ్చిన మైకేల్ పొలానీ 1966లో పుస్తకం రాసింది ఈ అవ్యక్త జ్ఞానం గురించే.

పది మంది పనిచేసే సాఫ్ట్‌వేర్ కంపెనీలోనూ ఇదే సమస్య. దుకాణాలకు బిల్లింగ్ ప్రోగ్రాం చేసే కంపెనీ ఒకటి ఉందనుకోండి. బ్యాంకు నుంచి జవాబు రాకపోతే ప్రోగ్రాం 30 సెకన్లు ఆగి, అప్పుడే మళ్లీ అభ్యర్థన పంపుతుంది. కొత్తగా చేరినాయన, ఇంతసేపు ఎందుకని దాన్ని 2 సెకన్లకు తగ్గిస్తాడు. మర్నాడు కొందరి ఖాతాల్లో డబ్బు రెండుసార్లు పోతుంది. ఆ బ్యాంకు జవాబు ఆలస్యంగా వస్తుందని తెలిసిన ఒక్క మనిషీ నెల కిందటే ఉద్యోగం మారారు. కోడ్ మొత్తం కంపెనీలోనే ఉంది, కారణం ఆయనతో వెళ్లింది.

డెన్మార్క్ కంప్యూటర్ శాస్త్రవేత్త పీటర్ నౌర్ 1985లోనే దీన్ని గట్టిగా వాదించారు. ప్రోగ్రాం అంటే రాసిన వారి మనసులోని అవగాహన అనీ, ఆ బృందం చెదిరితే ప్రోగ్రాం చచ్చినట్టేననీ ఆయన అభిప్రాయం. కొంచెం అతిగా అనిపించినా, పాత కోడ్‌తో కుస్తీ పట్టినవారు కాదనలేరు.

వార్డ్ కన్నింగ్‌హామ్ 1995లో తెచ్చిన వికీ చాలా కంపెనీల్లో ఉంటుంది. చిక్కేమిటంటే, పని ఒత్తిడిలో దాన్ని ఎవరూ సరిదిద్దరు. చిన్న జట్టుకు కోడ్ పక్కనే ఉండే చీటీ మేలని నా అభిప్రాయం. మైకేల్ నైగార్డ్ 2011లో సూచించిన నిర్ణయ పత్రం అలాంటిదే: పరిస్థితి ఏమిటి, ఏం నిర్ణయించాం, దానివల్ల ఏమవుతుంది. ఒకటి రెండు పేజీలు చాలు. పై ఉదాహరణలో అయితే ఒక్క వాక్యం సరిపోయేది: "ఈ బ్యాంకు జవాబుకు ఒక్కోసారి 20 సెకన్లు పడుతుంది, గడువు తగ్గించవద్దు."

రాతకు లొంగనిదాన్ని పక్కపక్కన కూర్చుని ఒకే కంప్యూటర్‌పై పనిచేస్తూ నేర్పుకోవాలి. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే, అన్నీ తెలిసిన ఆ ఒక్కరినీ ఫోన్ కట్టేసి వారం సెలవు తీసుకోమనండి. ఆ వారంలో జట్టు ఎక్కడెక్కడ ఆగిపోయిందో రాసుకుంటే, ముందుగా రాయాల్సిన పత్రాల జాబితా అదే.